విందు, విరాళం, చుక్కల మందు: సేవా క్లబ్బులు నడిచే తీరు

జులై వచ్చిందంటే తెలుగు పట్టణాల కూడళ్లలో ఒక తరహా ఫ్లెక్సీలు వెలుస్తాయి. సూటు వేసుకున్న పెద్దమనిషి, మెడలో బంగారు రంగు గొలుసు, కోటు మీద బిళ్ల, కింద ‘నూతన అధ్యక్షులకు శుభాకాంక్షలు’ అని రాసి పాతికమంది పేర్లు. రోటరీ, లయన్స్ క్లబ్బుల ఏడాది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫ్లెక్సీలు ఆ సమయంలోనే రావడానికి కారణం అదే. ఆ ఫ్లెక్సీ మీద ఉన్న చక్రం గుర్తో, అటూ ఇటూ చూసే రెండు సింహాల గుర్తో అదే ఊళ్లో మరికొన్ని చోట్లా కనిపిస్తుంది. బస్టాండులో సిమెంటు బెంచీ మీద, వేసవి చలివేంద్రం మీద, ప్రభుత్వ పాఠశాల మరుగుదొడ్డి గోడ మీద, మృతదేహాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు మీద. రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున ఉన్న కైలాసభూమి పేరు ముందు రోటరీ మాట ఉంటుంది.

ఈ క్లబ్బుల గురించి రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. డబ్బున్నవాళ్లు హోటల్లో భోంచేసి, నాలుగు పుస్తకాలు పంచి ఫొటోలు దిగే చోటు అన్నది ఒకటి. ప్రభుత్వం చేయలేని పనులు చేసే నిస్వార్థ సంస్థ అన్నది రెండోది. రెండూ సగం సగమే నిజం. ఆ భోజనాన్నీ ఆ సేవనూ విడదీయడం కష్టం. సేవకు కావలసిన డబ్బూ మనుషులూ వచ్చేది ఆ భోజనాల బల్ల దగ్గర నుంచే.

రోటరీ పుట్టింది కూడా సేవ కోసం కాదు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హ్యారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో సమావేశమయ్యాడు. చిన్న ఊళ్లో పెరిగి మహానగరంలో ఒంటరితనం అనుభవించిన మనిషి. వృత్తుల్లో ఉన్నవారు వారం వారం కలుసుకుంటే స్నేహమూ దొరుకుతుంది, వ్యాపారమూ పెరుగుతుంది అన్నది ఆయన ఆలోచన. ఒకరి కార్యాలయం తరువాత ఒకరి కార్యాలయంలో వంతులవారీగా కలిసేవారు కనుక రోటరీ అన్న పేరు వచ్చింది. సభ్యులు ఒకరికొకరు ఎంత బేరం ఇచ్చుకున్నారో తొలి రోజుల్లో లెక్క రాసేవారు కూడా. ఊరికి ఏమీ చేయని సంఘంలో చేరి లాభమేమిటన్న ప్రశ్న లోపలి నుంచే వచ్చాక, 1907లో నగరంలో పబ్లిక్ మరుగుదొడ్డి కోసం ఉద్యమించారు. వందేళ్ల తరువాత మన పాఠశాలల్లో రోటరీ మరుగుదొడ్లు చూసేవారికి ఇది కాకతాళీయంగా తోచవచ్చు.

లయన్స్ కథ కూడా చికాగోలోనే మొదలైంది. బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ 1917లో ఉన్న వ్యాపార సంఘాలను కూడగట్టి సేవ వైపు తిప్పాడు. 1925లో హెలెన్ కెల్లర్ ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభకు వచ్చి, అంధుల పక్షాన నిలబడమని కోరారు. కంటి వైద్యం లయన్స్ ముద్రగా మారింది అప్పటినుంచే.

భారత ఉపఖండంలో తొలి రోటరీ క్లబ్ కలకత్తాలో 1919లో సమావేశమై, 1920 జనవరి 1న గుర్తింపు పొందింది. 1927లో లాహోర్, 1929లో మద్రాసు, బొంబాయి, కొలంబో దాన్ని అనుసరించాయి. ఆ ఊళ్ల పేర్లే ఒక సంగతి చెబుతున్నాయి. ఇవన్నీ రేవులు, రైలు కూడళ్లు, ఇంగ్లీషు కంపెనీల కేంద్రాలు. రోటరీ నియమం ప్రకారం ఒక్కో వృత్తి నుంచి ఒకరినే తీసుకునేవారు. దీన్ని క్లాసిఫికేషన్ అంటారు. ఒక డాక్టరు, ఒక బ్యాంకరు, ఒక జనపనార వ్యాపారి అన్నట్టు. పోటీదారులు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదన్న పాత వ్యాపార జాగ్రత్త ఇది. ఇప్పుడు బాగా సడలింది గానీ, క్లబ్ అంటే ఊరి వృత్తులన్నిటి నమూనా అన్న భావం మిగిలింది.

లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది. రోటరీ కన్నా దాదాపు నాలుగు దశాబ్దాలు ఆలస్యంగా వచ్చినా, స్వాతంత్ర్యానంతరం ఎదుగుతున్న చిన్న పట్టణాల్లోకి, మండల కేంద్రాల్లోకి త్వరగా చొచ్చుకుపోయింది. జిల్లా కేంద్రంలో ఇంగ్లీషు చదువుల డాక్టర్లు, లాయర్లు రోటరీలోనూ, బజారులో దుకాణాలున్నవారు, కాంట్రాక్టర్లు, ఉపాధ్యాయులు లయన్స్‌లోనూ ఉంటారన్న మాట తెలుగు ఊళ్లలో చాలాకాలం వినిపించింది. ఇవాళ ఆ గీత చెరిగిపోయింది.

కలకత్తా న్యాయవాది నితీశ్ చంద్ర లాహిరి 1962-63లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవి ఆసియా వాసికి దక్కడం అదే మొదటిసారి. బడి పిల్లల కోసం ఇంటరాక్ట్ క్లబ్బులు మొదలైంది ఆయన హయాంలోనే. అమెరికా బయట తొలిగా వచ్చిన ఇంటరాక్ట్ క్లబ్బుల్లో తంజావూరుది ఒకటి. తరువాత రాజేంద్ర సాబు, కల్యాణ్ బెనర్జీ, శేఖర్ మెహతా, శ్రీలంక నుంచి కె.ఆర్. రవీంద్రన్ ఆ స్థానానికి వెళ్లారు. ఇప్పుడు రోటరీ సభ్యుల సంఖ్యలో అమెరికా తరువాత స్థానం భారత్‌దే.

క్లబ్ సమావేశానికి ఒక క్రతువు ఉంది. అధ్యక్షుడు గంట కొడతాడు. ప్రార్థన, జాతీయగీతం. ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవారికి అభినందన. సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అనే సభ్యుడు క్రమశిక్షణ చూస్తాడు. ఆలస్యంగా వచ్చినవారికీ బిళ్ల పెట్టుకోనివారికీ సరదా జరిమానా వేసే క్లబ్బులున్నాయి. ఆ చిల్లర సేవా నిధికి పోతుంది. రోటరీలో అయితే నాలుగు ప్రశ్నల పరీక్ష చదువుతారు. ఇది నిజమా, అందరికీ న్యాయమా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. 1932లో దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ తన ఉద్యోగుల కోసం రాసుకున్న ప్రశ్నలివి. తరువాత రోటరీ స్వీకరించింది. చివర్లో ఫెలోషిప్. ఆ మాటకు నిఘంటువులో స్నేహం అని అర్థం. చాలా క్లబ్బుల్లో దానికి భోజనమనీ, కొన్నిచోట్ల భోజనానికి ముందు గ్లాసు అనీ అర్థం స్థిరపడింది.

హాజరు విషయంలో ఒకప్పుడు రోటరీ మహా కఠినం. వరుసగా నాలుగు వారాలు రాకపోతే సభ్యత్వం పోయేది. వేరే ఊరు వెళితే అక్కడి క్లబ్బులో హాజరు వేయించుకోవలసిందే. బదిలీల మీద తిరిగే బ్యాంకు అధికారులకు, మందుల కంపెనీ ప్రతినిధులకు ఇది వరమైంది. కొత్త ఊళ్లో దిగిన వారానికే పాతికమంది పరిచయమయ్యేవారు. 2016లో నియమాలు సడలించి, నెలకు రెండు సమావేశాలున్నా చాలన్నారు. వారం వారం కలవని క్లబ్బులో పిలిస్తే పలికే మనుషులు అంతే దగ్గరగా ఉంటారా అన్నది పాత సభ్యుల సందేహం. అందులో పస ఉంది.

డబ్బు సంగతి దగ్గర బయటివారికి తికమక ఎక్కువ. సక్రమంగా నడిచే క్లబ్బులో రెండు ఖాతాలుంటాయి. సభ్యుల చందా ఒక ఖాతా. భోజనాలు, హాలు అద్దె, అంతర్జాతీయ కార్యాలయానికి డాలర్ల లెక్కన కట్టే రుసుము ఇందులోంచి పోతాయి. ప్రజల నుంచి వసూలు చేసినది రెండోది. అందులో పైసా కూడా క్లబ్ నిర్వహణకు వాడకూడదు. ‘చందాలు వసూలు చేసి విందులు చేసుకుంటారు’ అన్న ఆరోపణ నిజమో కాదో తేలేది ఈ రెండు ఖాతాలూ వేరుగా ఉన్నాయా అన్న దగ్గరే. విరాళం ఇచ్చేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే అయినా అడిగేవారు తక్కువ.

వసూలుకు పాత పద్ధతులు ఇంకా నడుస్తున్నాయి. సినీ సంగీత విభావరి, కొత్త సినిమా ఛారిటీ షో, తంబోలా, లక్కీ డ్రా, ఈమధ్య కాలంలో 5కె పరుగు. అన్నిటికన్నా ఆదాయం తెచ్చేది సావనీర్. ఆ పుస్తకాన్ని చదివేవారు ఉండరు. ఆసుపత్రి, నగల దుకాణం, ఇంజనీరింగ్ కాలేజీ, సిమెంటు డీలరు అందులో ఇచ్చే ప్రకటన ప్రచారం కోసం కాదు, అడిగినవారి మొహం చూసి. ఇందులోనే క్లబ్ కిటుకు ఉంది. నిన్న పక్క కుర్చీలో కూర్చుని భోంచేసిన మనిషి, పిల్ల పెళ్లికి వచ్చి అక్షింతలు వేసిన మనిషి అడిగితే కాదనడం కష్టం. ఆ మొహమాటమే పెట్టుబడి. దీనికి చీకటి కోణమూ ఉంది. సరుకు అమ్మేవాడు పెద్ద డీలరుకు ప్రకటన ఇవ్వనంటే మరుసటి నెల ఆర్డరు ఉంటుందో లేదో.

పై అంచెలో రోటరీ ఫౌండేషన్ ఉంది. 1917లో ఆర్చ్ క్లంఫ్ ప్రతిపాదించిన ఈ నిధికి మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. కాన్సాస్ సిటీ క్లబ్ ఇచ్చింది. ఇప్పుడు ఒక సభ్యుడు వెయ్యి డాలర్లు ఇస్తే పాల్ హ్యారిస్ ఫెలో. లయన్స్‌లో అదే మొత్తానికి మెల్విన్ జోన్స్ ఫెలో. పతకాల మీద మోజు మనుషులను డబ్బిచ్చేలా చేస్తుందని ఈ సంస్థలు ఎప్పుడో గ్రహించాయి. రోటరీ వార్షిక నిధికి ఒక ప్రాంతం నుంచి వెళ్లిన సొమ్ములో సుమారు సగం మూడేళ్ల తరువాత ఆ ప్రాంతానికే ఖర్చు చేసుకునే హక్కుగా తిరిగి వస్తుంది. మిగతా భాగం ప్రపంచ నిధిలోకి పోయి, రెండు దేశాల క్లబ్బులు కలిసి చేసే ప్రాజెక్టులకు జోడింపుగా వస్తుంది. గ్లోబల్ గ్రాంట్ అనే ఈ పద్ధతిలో ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లదై ఉండాలి, అంటే పాతిక లక్షల రూపాయల పైమాటే. మన జిల్లా ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రం పక్కన ఎక్కడో అమెరికా ఊరి పేరు రాసి ఉంటే ఇలాంటి పొత్తే కారణం కావచ్చు.

విదేశీ సొమ్ము మీద 2020 సెప్టెంబరులో నిబంధనలు బిగిశాయి. విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో ఒక సంస్థ అందుకున్న సొమ్మును ఇంకో సంస్థకు బదలాయించడం నిషిద్ధమైంది. స్వీకరించే ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఉండాలి. అంచెలంచెలుగా డబ్బు కిందికి దిగే నమూనాకు ఇది గట్టి అడ్డు. మరోవైపు కంపెనీల చట్టం కింద 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. దాంతో క్లబ్బులు ట్రస్టులు రిజిస్టరు చేసుకుని ఆ సొమ్ము వైపు మళ్లాయి. సభ్యుడి జేబు నుంచి వచ్చిన డబ్బుతో నడిచే సంఘానికీ, కంపెనీ డబ్బును ఖర్చుపెట్టి పెట్టే సంఘానికీ తేడా ఉంది. రెండోదానిలో సభ్యుడు గుత్తేదారు స్థానంలోకి జారిపోతాడు.

సేవ విషయానికి వస్తే, లయన్స్ కంటి శిబిరాల కథలో ఒక పాఠం ఉంది. ఒకప్పుడు బడి గదులను ఖాళీ చేయించి, అక్కడే బల్లల మీద శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. ఇన్ఫెక్షన్ సోకి చూపు పోయిన ఘటనలు దేశంలో పలుచోట్ల జరిగాక ఆ పద్ధతి వెనక్కి తగ్గింది. ఇప్పుడు ఊళ్లో జరిగేది పరీక్ష మాత్రమే. శుక్లం ఉన్నవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషను చేయించి దింపుతారు. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ పద్ధతిని ఒక శాస్త్రంలా తీర్చిదిద్దింది. వైద్యం ఆసుపత్రిది. కరపత్రాలు, మైకు, హాలు, భోజనాలు, ముసలివాళ్లను చెయ్యి పట్టుకు నడిపించడం స్థానిక సంఘానిది. లయన్స్, రోటరీ క్లబ్బులు ఇలాంటి చోట బాగా రాణిస్తాయి. తమకు తెలియని పనిని తెలిసినవారికి వదిలి, ఊరిని కదిలించే పని తాము చేసినప్పుడు.

దీనికి అతిపెద్ద రుజువు పోలియో. 1979లో ఫిలిప్పీన్స్ పిల్లలకు చుక్కల మందు వేయడంతో రోటరీ ఇందులో దిగింది. 1985లో పోలియో ప్లస్ ప్రకటించి 12 కోట్ల డాలర్లు సమీకరిస్తామన్నారు. 1988 నాటికి 24.7 కోట్లు వచ్చాయి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంతో కలిసి ప్రపంచ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అప్పటికి 125 దేశాల్లో ఏటా సుమారు 3.5 లక్షల మంది పిల్లలు పక్షవాతం పాలయ్యేవారు.

భారత్‌లో పల్స్ పోలియో 1995లో ఆరంభమైంది. ఖర్చులో అధిక భాగాన్ని మన ప్రభుత్వమే భరించింది. ఇంటింటికీ నడిచింది ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉద్యోగులు, ఏఎన్ఎంలు. క్లబ్బుల వారు ఈ మాట మరచిపోయి ఘనతంతా తమ ఖాతాలో వేసుకోవడం కద్దు. అయినా వారి పాత్ర చిన్నది కాదు. ఆదివారం బూత్ దగ్గర షామియానా, టోపీలు, పిల్లలకు ఈలలు, టీకాలు వేసేవారికి భోజనం, జీపులు వారివే. అన్నిటికన్నా ముఖ్యం, మంత్రి మారినా కలెక్టరు మారినా వెంటపడే నోరు వారిది. 2009లో దేశంలో 741 కేసులు వచ్చాయి. అప్పట్లో ప్రపంచంలోని కేసుల్లో దాదాపు సగం ఇవే. భారత్ వల్ల కాదన్నవారు చాలామంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చుక్కల వల్ల పిల్లలు పుట్టరన్న పుకారు కొన్ని ముస్లిం వాడల తలుపులు మూయించింది. రోటరీ అక్కడ ఉలేమాలతో కమిటీ వేసి, మసీదు పెద్దల నోట మాట చెప్పించింది. కరపత్రం చేయలేని పని పెద్దమనిషి మాట చేసింది. బిహార్‌లో కోసీ నది ముంపు పల్లెల్లోకి టీకాల బృందాలు పడవల్లో వెళ్లాయి. 2010లో మెరుగైన రెండు రకాల టీకా వచ్చింది. 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్ హౌరా జిల్లాలో బయటపడినదే చివరి కేసు. 2014 మార్చి 27న భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ అందింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టుకొచ్చిన రెండో రకం వైరస్ కనబడింది. ఒక్క బిడ్డా జబ్బుపడకున్నా, జూన్‌లో వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో 2023లో 6 కేసులే వచ్చి చివరికి వచ్చినట్టే అనిపించింది. 2024లో అవి 74కు పెరిగాయి. అక్కడి రోటరీ సభ్యులు, టీకా సిబ్బంది తుపాకుల నీడలో పనిచేస్తున్నారు.

ఏడాదికొక అధ్యక్షుడు మారే సంస్థ ఒకే పనిని నలభై ఏళ్లు వదలకుండా పట్టుకోవడం విచిత్రమే. ఎందుకంటే ఈ క్లబ్బుల అసలు బలహీనత ఆ ఏడాది పదవే. ప్రతి అధ్యక్షుడికీ తన పేరుతో కొత్త శిలాఫలకం కావాలి. నిరుడు పెట్టిన మంచినీటి శుద్ధి యంత్రంలో ఫిల్టరు మార్చడానికి ఎవరూ ముందుకు రారు. దుమ్ము పట్టిన అలాంటి యంత్రాలు బడుల్లో చూడవచ్చు. ఆపైన బిరుదుల పిచ్చి. రెవెన్యూ జిల్లాతో, రాష్ట్ర గవర్నరుతో సంబంధం లేని ‘డిస్ట్రిక్ట్ గవర్నర్’ పదవి కోసం దక్షిణాసియాలో జరిగే పోటీలు రచ్చకెక్కిన సందర్భాలు లేకపోలేదు. రోటరీ నిబంధనల ప్రకారం ఆ పదవికి ప్రచారం చేసుకోవడమే తప్పు.

మహిళల విషయంలో మాత్రం ఉపఖండం ముందు నడిచింది. ఈ సంగతి ఇక్కడి సభ్యులకే పెద్దగా తెలియదు. సభ్యత్వ నియమంలో ‘పురుషుడు’ అన్న మాట తీసేయాలని 1950లోనే భారత్‌కు చెందిన ఒక క్లబ్ ప్రతిపాదించింది. 1964లో సిలోన్ క్లబ్ ఒకటి మళ్లీ అడిగింది. రెండూ నెగ్గలేదు. అమెరికాలో డ్వార్టే క్లబ్ మహిళలను చేర్చుకుని గుర్తింపు పోగొట్టుకున్నాక, 1987 మే 4న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పాకే తలుపు తెరుచుకుంది. 1989లో నియమం మారింది. ఆలోపు మన క్లబ్బుల్లో భార్యలు ‘ఆన్స్’, పిల్లలు ‘ఆనెట్స్’. తంబోలాకు, దీపావళి వేడుకకు వారే ఆధారం, ఓటు మాత్రం లేదు. రోటరీకి మొదటి మహిళా అధ్యక్షురాలు 2022లో వచ్చారు. కెనడాకు చెందిన జెన్నిఫర్ జోన్స్.

ఈ నమూనాను తెలుగువారు తమకు తగ్గట్టు మార్చుకున్నదీ ఉంది. 1960ల మొదట్లో హైదరాబాద్‌లో పుట్టిన వాసవి క్లబ్బులు ఆర్యవైశ్య సమాజం కోసం అవే గవర్నర్లు, జిల్లాలు, అంతర్జాతీయ అధ్యక్షుల నిర్మాణాన్ని తీసుకున్నాయి. వృత్తుల మీద కట్టిన సంఘం కులం మీద కట్టినదైంది. స్కాలర్‌షిప్పులు, అన్నదానాలు, వివాహ పరిచయ వేదికలు అందులో కలిసిపోయాయి. నలభై ఏళ్లు నిండగానే తప్పుకోవాలన్న నియమంతో పెరిగిన రౌండ్ టేబుల్ ఇండియా మరో దారి పట్టింది. పదిరకాల పనులు మానుకుని ప్రభుత్వ, పేద పిల్లల బడులకు తరగతి గదులు కట్టడం మీదే దృష్టి పెట్టింది.

రోటరీ, లయన్స్ సభల్లో నెరిసిన తలలు ఎక్కువ. కుర్రవాళ్ల విభాగమైన రోటరాక్ట్‌కు ఉన్న 30 ఏళ్ల వయోపరిమితిని 2020 జులై నుంచి ఎత్తేశారు. 2022 నుంచి దానికీ రుసుము పెట్టారు. కాలేజీ క్లబ్బులకు తలకు 5 డాలర్లు, ఊరి క్లబ్బులకు 8 డాలర్లు. నాలుగు వందల రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు. హాస్టల్ విద్యార్థికి అది వారం టిఫిన్ల ఖర్చు. అందుకే చాలాచోట్ల ఆ డబ్బు పోషక రోటరీ క్లబ్బే కడుతోంది.